పెద్ద టవర్ స్పీకర్ల డెలివరీ ఆపేశాం: వూఫర్ మారిన సంగతి, మీ ముందున్న దారులు

నమస్కారం.

మేం తయారుచేసే పెద్ద టవర్ స్పీకర్ జతల డెలివరీ ఆపేశాం. డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవారు 19 మంది. వారికి ఇంకో 8 వారాలు పడుతుంది. ఇప్పటికే ఇళ్లకు చేరిన 11 జతల్లో మేం చెప్పిన వూఫర్ (లావు స్వరాలు మోగించే యూనిట్) కాకుండా అచ్చం అలాగే కనిపించే వేరే వూఫర్ వెళ్లింది. ఆ 11 ఇళ్లకూ ఫోన్ చేశాం. మిగతావారికి ఆ నోటా ఈ నోటా తెలిసే బదులు మా నోటే తెలియాలని ఇది రాస్తున్నాం. చిన్న టవర్‌కూ, బుక్‌షెల్ఫ్ మోడళ్లకూ దీంతో సంబంధం లేదు. వాటి వూఫర్ వేరే చోటి నుంచి వస్తుంది.

ఈ టవర్‌లో 6.5 అంగుళాల వూఫర్లు రెండుంటాయి. నాలుగేళ్లుగా ఒకే సప్లయర్ దగ్గర తీసుకుంటున్నాం. ఆర్డర్ కాగితం మీద మాగ్నెట్ కొలత స్పష్టంగా ఉంటుంది: ఫెర్రైట్ రింగు, బయటి వ్యాసం 100 మి.మీ., మందం 20 మి.మీ. మార్చిలో వచ్చిన 120 వూఫర్ల లాట్‌లో ఆ వ్యాసం 90 మి.మీ.కు తగ్గిపోయింది. బాస్కెట్ (చట్రం) అదే, కోన్ (కదిలి శబ్దం చేసే భాగం) అదే, రబ్బరు సరౌండ్ (కోన్ చుట్టూ ఉండే అంచు) అదే. మాగ్నెట్‌ను కప్పే నల్ల ప్లాస్టిక్ తొడుగు కూడా పాత సైజే. లోపల చుట్టూ మిగిలిన 5 మి.మీ. సందులో ఫోమ్ పట్టీ కూరారు. తొడుగు ఊడదీస్తే తప్ప కంటికి ఆనదు. తూకానికి మాత్రం దొరికిపోతుంది. పాతది 1,780 గ్రాములు, కొత్తది 1,520. మాగ్నెట్ చిన్నదైతే దాని రెండు వైపులా ఉండే ఇనుప ప్లేట్లూ చిన్నవవుతాయి. అలా ఒక్కో వూఫర్‌లో 260 గ్రాములు మాయమైంది.

మేం ఎందుకు పట్టుకోలేకపోయామో కూడా చెప్పాలి. వచ్చిన ప్రతి వూఫర్‌కూ మూడు పరీక్షలు చేసేవాళ్లం. మల్టీమీటర్‌తో కాయిల్ (కోన్‌ను కదిపే తీగచుట్ట) రెసిస్టెన్స్ చూస్తే 6.2 ఓమ్స్ రావాలి. రెజొనెన్స్ (కోన్ తనంతట తానే ఊగే వేగం), అంటే ఎఫ్‌ఎస్, 38 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఆ తర్వాత 20 నుంచి 500 హెర్ట్జ్ దాకా స్వరాన్ని పెంచుకుంటూ పోయే స్వీప్ నడిపి, కాయిల్ ఎక్కడైనా ఒరుసుకుంటోందేమో చెవిపెట్టి వినాలి. కొత్త లాట్ మూడింటిలోనూ పాసైంది. పాసవక ఏం చేస్తుంది? ఎఫ్‌ఎస్‌ను తేల్చేది కోన్ బరువు, సస్పెన్షన్ (కోన్‌ను పట్టి ఉంచే భాగాలు) బిగువు. మాగ్నెట్‌కు అందులో పాత్ర లేదు. మాగ్నెట్ బలం బయటపడేది క్యూటీఎస్ అనే అంకెలో. దాన్ని లాట్‌కు రెండు వూఫర్ల మీదే కొలిచేవాళ్లం. ఈసారి పై పెట్టెలోంచి తీసిన ఆ రెండూ పాత మాగ్నెట్‌వే! కావాలని అలా సర్దారా, కలిసిపోయాయా అన్నది మేం తేల్చగలిగేది కాదు. రెండింటితోనే సరిపెట్టుకోవడం మాత్రం మా తప్పు.

ఆ రెండూ ఒకే టవర్‌లోకి వెళ్లాయి. దాని జోడీలో చిన్న మాగ్నెట్‌వి పడ్డాయి. ఆ జత కొన్న మచిలీపట్నం కస్టమర్ ఒకరు, మృదంగంలో మంద్రంగా మోగే తొప్పి వైపు దెబ్బ ఎడమ స్పీకర్‌లో ఒకలా, కుడి స్పీకర్‌లో మరోలా వినిపిస్తోందని ఫోన్ చేశారు. స్పీకర్లు అటూ ఇటూ మార్చి వినమన్నాం. తేడా కూడా స్పీకర్‌తో పాటే అటు మారింది. గదిది కాదు, స్పీకర్‌దే లోపమని అప్పుడు తేలింది.

10 మి.మీ. తగ్గితే ఏమవుతుందని అడిగినవారి కోసం కొంచెం లెక్క. కదిలిన కోన్‌ను మోటారు (మాగ్నెట్, కాయిల్), సస్పెన్షన్ కలిసి ఎంత అదుపులో ఉంచుతాయో క్యూటీఎస్ చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ అదుపు ఎక్కువ. పాత వూఫర్‌ది 0.38, కొత్తది 0.48. నెవిల్ థీల్ అనే ఇంజినీరు 1961లో ఆస్ట్రేలియాలో ప్రచురించిన పేపరూ, దాన్ని 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ పెంచి రాసిన పద్ధతులూ ఈ అంకెల మీదే నిలబడ్డాయి. పోర్టు (గాలి వచ్చిపోయే గొట్టం) ఉన్న బాక్స్ ఎవరు కట్టినా ఆ లెక్కే. దాని ప్రకారం పాత వూఫర్లు రెండింటికి 46 లీటర్ల బాక్స్, 38 హెర్ట్జ్ ట్యూనింగ్ (పోర్టు మోగే స్వరం) సరిగ్గా సరిపోతాయి. 7 సెం.మీ. లోపలి వ్యాసం, 12 సెం.మీ. పొడవున్న పోర్టు అందుకే పెట్టాం. కొత్త వూఫర్లు అదే లెక్కలో దాదాపు 90 లీటర్లు అడుగుతాయి. వాటిని 46 లీటర్లలో బిగిస్తే 60 హెర్ట్జ్ పైన సుమారు 2 డిబి (డెసిబెల్) ఎత్తు దిబ్బ లేస్తుంది, అంటే అక్కడి స్వరాలు అవసరానికి మించి మోగుతాయి, మొత్తం సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందన్నది) 1 డిబి పడిపోతుంది. మన ఇళ్లలో 10 అడుగుల గోడల మధ్య గది తనంతట తానే 56 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. దిబ్బ పక్కన దిబ్బ. వార్తలు చదివే మగ గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది.

సప్లయర్‌ను నిలదీస్తే ఫెర్రైట్ ధర పెరిగిందన్నారు. "చెవికి తెలియదు సార్, అందరికీ ఇదే ఇస్తున్నాం" అన్నారు. ఆ తర్వాత వూఫర్‌కు 90 రూపాయలు తగ్గిస్తామన్నారు. ధర పెరగడం నేరం కాదు. ఒక్క ఫోన్ చేసి చెప్పి ఉంటే జతకు కొన్ని వందలు పెంచుకుని మీకు కారణం చెప్పేవాళ్లం. కొలత రాసిచ్చిన కాగితాన్ని పక్కన పడేసి, తొడుగులో ఫోమ్ కూరి, చెవికి తెలియదనడమే మింగుడుపడటం లేదు. చెవికి తెలిసింది. మచిలీపట్నంలో కూర్చున్న మనిషికి, ఏ మీటరూ లేకుండా, మృదంగం వింటుంటే తెలిసింది. వాళ్లతో ఇక వ్యాపారం లేదు. ధర తగ్గించినా లేదు.

ఆ మాట చెప్పినంత తేలిగ్గా మిగిలిన 76 వూఫర్లను ఏం చేయాలో తేలలేదు. వారం రోజులు ఇదే నలిగింది. పోర్టును 12 నుంచి 19 సెం.మీ.కు పెంచితే ట్యూనింగ్ 32 హెర్ట్జ్‌కు దిగుతుంది. కొలిచి చూశాం, దిబ్బ సగానికి పైగా తగ్గింది. ట్వీటర్‌కు (సన్నని స్వరాల యూనిట్) సిరీస్‌లో ఉన్న రెసిస్టర్‌ను కాస్త పెంచితే అదీ అంతే తగ్గి 1 డిబి లోటూ సర్దుకుంటుంది. ఖర్చు జతకు 200 రూపాయలు దాటదు, 19 జతలూ పది రోజుల్లో వెళ్లిపోతాయి. వినడానికి చెడ్డగా లేదు, నిజంగానే లేదు. అయినా ఆ దారి వదిలేశాం. మూడేళ్ల తర్వాత మీ వూఫర్ ఒకటి కాలిపోతే దాని జోడీ ఎక్కడ తేవాలి? ఒకే పేరుతో రెండు రకాల టవర్లు ఊళ్లలో తిరుగుతుంటే రిపేరుకు వచ్చిన ప్రతిసారీ ముందు అది ఏ రకమో తేల్చుకోవాలి. పైగా సరిదిద్దిన లోపాన్ని కొత్త మోడల్ అని అమ్మడానికి మనసు ఒప్పలేదు. 90 లీటర్ల బాక్స్ కడదామన్న ఆలోచన ఒక్క పూట కూడా నిలవలేదు. అది మన హాళ్లలో బీరువాలా ఉంటుంది.

కాబట్టి 76 వూఫర్లూ తిప్పి పంపాం. ఆ డబ్బు వెనక్కి వస్తుందో రాదో ఇంకా తేలలేదు. రాకపోయినా అది మీ బిల్లులో కలవదు. కొత్త సప్లయర్ నుంచి నమూనాలు నాలుగు వచ్చాయి, 100 మి.మీ. మాగ్నెట్‌తోనే, తొడుగు లేకుండా. ఇకపై మాగ్నెట్‌కు తొడుగే ఉండదు. ప్రతి వూఫర్‌నూ తూకం వేస్తాం, ప్రతి దానికీ ఇంపిడెన్స్ స్వీప్ (ఏ స్వరం దగ్గర ఎన్ని ఓమ్స్ ఉందో చూపే గ్రాఫు) తీస్తాం. సౌండ్ కార్డు, 100 ఓమ్స్ రెసిస్టర్, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, ఒక్కోదానికి రెండు నిమిషాల పని. సరైన వూఫర్‌కు ఎఫ్‌ఎస్ దగ్గర శిఖరం 65 ఓమ్స్ దాకా లేస్తుంది. చిన్న మాగ్నెట్‌ది 52 దగ్గరే ఆగింది. 60 నుంచి 70 మధ్య లేకపోతే పక్కన పెట్టేస్తాం. మీ జత గ్రాఫు ప్రింటు బాక్స్‌లో పెట్టి పంపుతాం. బుక్ చేసుకున్నవారికి పాత ధర 38,500 రూపాయలే. కొత్త బుకింగులకు 41,000. ఆగలేమంటే చెప్పండి, మూడు రోజుల్లో పూర్తి డబ్బు వాపస్.

ఇళ్లకు చేరిన 11 జతల వెనక లేబుల్ మీద టీ-412 నుంచి టీ-433 వరకు నంబర్లుంటాయి. వూఫర్లు వచ్చాక మనిషిని పంపి ఇంట్లోనే మారుస్తాం, ఖర్చు మాది. దయచేసి మీరే విప్పకండి. స్క్రూడ్రైవర్ మాగ్నెట్ లాగుడుకు జారి కోన్‌లో దిగబడటం ఈ పనిలో మామూలుగా జరిగే ప్రమాదం. అప్పటిదాకా టవర్లను వెనక గోడ నుంచి రెండున్నర అడుగులు ముందుకు జరపండి. పోర్టులో ఒక సాక్సు వదులుగా చుట్టి పెట్టండి. దిబ్బ చాలావరకు అణుగుతుంది.

ఇంట్లో ఫంక్షన్ ఉందనో, మరో కారణంతోనో వేరే షాపులో కొంటామన్నవారిని మేం ఆపం. కానీ చూసి కొనండి. హాలు 10 అడుగులకు 12 అడుగుల కంటే చిన్నదైతే టవరే వద్దు. అదే డబ్బుతో మంచి బుక్‌షెల్ఫ్ జత, బరువైన స్టాండ్లు కొనండి. తక్కువ ధర టవర్‌లో మీ డబ్బు చాలా భాగం చెక్కకే పోతుంది. ముందు కనిపించే కోన్‌లు లెక్కపెట్టి మురిసిపోకండి. ఉదాహరణకు పోల్క్ టీ50లో ట్వీటర్ కింద మూడు పెద్ద కోన్‌లు కనిపిస్తాయి. వాటిలో కాయిల్ ఉన్నది ఒక్కదానికే, మిగతా రెండూ గాలి ఒత్తిడికి కదిలే పాసివ్ రేడియేటర్లు. అది తప్పుడు డిజైన్ కాదు, పోర్టుకు బదులు వాడే పద్ధతి. మూడు వూఫర్లనుకుని కొనడమే తప్పు.

సెన్సిటివిటీ అంకెను ఓమ్స్‌తో కలిపి చదవాలి. 2.83 వోల్టుల దగ్గర 90 డిబి అని రాసి ఉంటే, 8 ఓమ్స్ స్పీకర్‌కు అది 1 వాట్, 4 ఓమ్స్‌కు 2 వాట్లు. అంటే 4 ఓమ్స్ స్పీకర్ వాట్‌కు ఇచ్చేది 87 మాత్రమే. 3 డిబి తగ్గితే ఆంప్లిఫయర్ రెట్టింపు పవర్ ఇవ్వాలి. మీ రిసీవర్ వెనక స్పీకర్ టెర్మినళ్ల పక్కన కనీస ఓమ్స్ అచ్చేసి ఉంటుంది. 6 అని ఉంటే 4 ఓమ్స్ టవర్ తగిలించకండి. పెట్టె మీద గొప్పగా అచ్చేసే పీఎంపీఓ వాట్లు ఎన్ని వేలున్నా పట్టించుకోవద్దు. చిన్న ఆంప్లిఫయర్‌ను చివరిదాకా తిప్పితే క్లిప్ అవుతుంది (స్వరం తల తెగుతుంది), ముందు కాలేది ట్వీటరే. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉన్నవారు ఫోమ్ సరౌండ్ ఉన్నది తీసుకోవద్దు. తేమకు, ఎండకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరుదే అడగండి.

షాపులో రెండు జతలు పోల్చేటప్పుడు ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి రెండింటినీ ఒకే స్థాయికి తెప్పించండి. 1 డిబి ఎక్కువ మోగేది ఎప్పుడూ మేలుగానే అనిపిస్తుంది, అమ్మేవాళ్లకు అది తెలుసు. మీకు బాగా అలవాటైన మృదంగం తని ఆవర్తనం ఒకటి, వాయిద్యాలు తక్కువగా ఉన్న ఆడ గొంతు పాట ఒకటి, మామూలు మాటల రికార్డింగు ఒకటి తీసుకెళ్లండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం వినిపించాలి. మీరు ఇంట్లో కూర్చునే ఎత్తులోనే కూర్చుని వినండి. చాప మీద కూర్చుని వినే ఇళ్లలో చెవి 70, 75 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. చాలా టవర్లలో ట్వీటర్ 90 దగ్గర ఉంటుంది. ఆ కోణంలో క్రాసోవర్ (వూఫర్ ఆగి ట్వీటర్ అందుకునే చోటు) చుట్టుపక్కల స్వరాలు బోలుపోతాయి. ముందు పాదాలు కాస్త దించి టవర్‌ను కొద్దిగా ముందుకు వంచితే సరవుతుంది, పడిపోకుండా చూసుకోండి.

వైరు 2.5 చదరపు మి.మీ. రాగిది చాలు. 5 మీటర్ల దూరానికి పోను రాను కలిపి 0.1 ఓమ్ కూడా ఉండదు. తీగ పోగును బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. నున్నటి టైల్స్ మీద స్పైకులు పెడితే గీతలు పడతాయి, కింద రూపాయి బిళ్లలు వేయండి. స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద ఒక జంపఖానా పరిస్తే ట్వీటర్ గరగర చాలా తగ్గుతుంది.

కొత్త వూఫర్లతో మొదటి జత సిద్ధమయ్యాక విజయవాడ ఆటోనగర్ షెడ్‌లో పాత జత పక్కనే పెడతాం. బుక్ చేసుకున్నవారికి తేదీ ఫోన్‌లో చెబుతాం. మీ పాటలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. తూకం కూడా బల్ల మీదే ఉంటుంది.