ఎఫ్‌ఎంజీఈకి బిట్లు ఇలా చేస్తే దండగే

సంపాదకులకు,

విదేశాల్లో వైద్యవిద్య పూర్తిచేసి వచ్చిన మన పిల్లలు, ఇక్కడ వైద్యం చేయాలంటే పాసవ్వాల్సిన పరీక్ష అయిన ఎఫ్‌ఎంజీఈ కోసం హనుమకొండ, కరీంనగర్ రీడింగ్ రూముల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుంటున్నారు. వాళ్ల కష్టానికి వంక పెట్టలేం. వచ్చిన చిక్కల్లా బిట్లు చేసే తీరుతోనే.

పరీక్షలో బిట్లు 300. ఉదయం 150, మధ్యాహ్నం 150. ఒక్కో భాగానికి 150 నిమిషాలు, అంటే బిట్టుకు నిమిషం. 150 వస్తే పాస్. ఇంటి దగ్గర మాత్రం చాలామంది గడియారం పెట్టుకోరు. బిట్టు చదవడం, ఆప్షన్ నొక్కడం, వెంటనే వివరణ చూసి ‘అవును, ఇది నాకు తెలుసు’ అనుకుని ముందుకు పోవడం. వివరణ చూశాక తెలిసినట్టు అనిపించడం వేరు, చూడకముందు గుర్తుకు రావడం వేరు. అదే క్యూబ్యాంకును (బిట్ల సంకలనాన్ని) రెండోసారి తిప్పితే నూటికి ఎనభై వస్తాయి. జవాబు ‘సి’ అని కళ్లు గుర్తుపెట్టుకున్నాయంతే.

చేయాల్సింది ఇదీ. అన్ని సబ్జెక్టులూ కలిపి 50 బిట్లు, 50 నిమిషాలు, ఫోన్ వేరే గదిలో. అయ్యేదాకా కీ చూడొద్దు. తర్వాత వాటిని దిద్దుకోవడానికి కనీసం గంటన్నర పెట్టుకోవాలి, అసలు చదువు అక్కడే జరుగుతుంది. తప్పిన ప్రతి బిట్టు పక్కన కారణం రాయాలి: పాఠమే తెలియదా, తెలిసీ రెండింటి మధ్య తికమక పడ్డామా, ప్రశ్నలో ‘తప్ప’ అన్న మాట చూడకుండా పోయామా. మొదటిదానికి పాఠం తెరవాలి. రెండోదానికి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పట్టిక గీయాలి. మూడోదానికి పుస్తకం అక్కర్లేదు, ప్రశ్న చివరి వాక్యాన్ని ముందు చదివే అలవాటు చాలు. గుడ్డిగా టిక్కు పెడితే తగిలిన బిట్లను కూడా తప్పుల్లోనే కలపాలి. ఇది ఎవరూ చేయరు.

మన దగ్గర పత్తి చేలల్లో కనిపించే కేసునే తీసుకోండి. పురుగుమందు కొట్టిన రైతు: కంటిపాపలు గుండుసూది మొనంత, నోట్లో నురగ, ఛాతీలో గురగుర, నాడి నిమిషానికి 50. ‘మొదటి మందు?’ అంటే అట్రోపిన్, అందరూ పెడతారు. అదే కేసుకు ప్రశ్న మార్చి చూడండి. ‘మొదట చేయాల్సింది?’ అంటే శ్వాసమార్గం చూడటం, తడిసిన బట్టలు విప్పి ఒళ్లు కడగడం. ‘అట్రోపిన్ సరిపోయిందని ఎలా తెలుస్తుంది?’ అంటే ముఖ్యంగా ఛాతీలో గురగుర తగ్గాలి, కంటిపాప ఒక్కటే చూసి ఆపకూడదు. ‘అట్రోపిన్‌తో తగ్గనిది?’ అంటే కండరాల అదురు, నీరసం, ఎందుకంటే అవి నికోటినిక్, అంటే అట్రోపిన్ పనిచేయని గ్రాహకాల వల్ల వచ్చేవి. మూడోరోజు మెడ ఎత్తలేకపోతుంటే ఇంటర్మీడియట్ సిండ్రోమ్, అంటే విషం తాకిన కొద్దిరోజులకు మెడ, ఊపిరి కండరాలు నీరసించే స్థితి. ఇలా ఒక్క బిట్టును నాలుగైదుగా తిప్పినవాడికి పరీక్షలో ఏ రూపంలో వచ్చినా భయం లేదు. నోటుబుక్కులో ‘ఆన్సర్ బి’ అని రాసుకుంటే ఏమీ రాయనట్టే. ‘పాప కాదు, ఛాతీ విను’ అని సొంత మాటల్లో ఒక్క లైను చాలు. ఆ లైన్లను మూడోరోజు, మళ్లీ పదోరోజు కప్పిపెట్టి, గుర్తున్నాయా అని తమను తామే ప్రశ్నించుకోవాలి.

లెక్కల బిట్లూ అంతే. వెయ్యి మందిలో జబ్బు పది మందికి ఉంది, పరీక్ష సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో పాజిటివ్ చూపేది), స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో నెగెటివ్ చూపేది) చెరి 90 శాతం. నిజంగా జబ్బుండి పాజిటివ్ వచ్చేది 9 మందికి, జబ్బు లేకుండా వచ్చేది 99 మందికి. పాజిటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ, అంటే పాజిటివ్ వచ్చినవాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్ల వంతు, 9ని 108తో భాగిస్తే ఎనిమిది శాతం చిల్లర. జబ్బున్నవాళ్లను వందకు పెంచి మళ్లీ వేయండి: 90, 90, అంటే 50 శాతం. సూత్రం బట్టీ పట్టినవాడు తడబడేది ఇక్కడే.

పీఎస్ఎం (సామాజిక వైద్యం) చివరి వారానికి వదిలేయడం మరో తప్పు. దానికి 30 మార్కులు, గైనిక్‌కూ అంతే. కన్ను, ఈఎన్‌టీ చెరి 15. నెలలు మింగేసే అనాటమీకి వచ్చేది 17. నెగెటివ్ మార్కుల్లేవు కాబట్టి ఏ బిట్టూ ఖాళీగా వదలొద్దు. తెలియని 40 బిట్లలో నాలుగు ఆప్షన్లకు రెండేసి తప్పువి కొట్టేయగలిగితే సగటున 20 తగులుతాయి, ఊరికే పెడితే పది.

ఇక ‘రీకాల్’ పీడీఎఫ్‌లు. పరీక్ష రాసొచ్చినవాళ్లు గుర్తున్న బిట్లతో తయారుచేసేవి ఇవి. పరీక్ష పెట్టే బోర్డు ప్రశ్నపత్రం బయటపెట్టదు, బయట చెప్పనని అభ్యర్థి ముందే ఒప్పుకుంటాడు. కాబట్టి అవన్నీ జ్ఞాపకం మీద అల్లినవే. ఆప్షన్లు కలగాపులగం, కీ తప్పులు. పాఠం పేరు తెలుసుకోవడానికి పనికొస్తాయేమో, జవాబు కోసం నమ్మొద్దు.

హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్ గ్రంథాలయాల అధికారులకు ఒక మనవి. నెలకు రెండు ఆదివారాలు ఒక హాలు ఇవ్వండి. పొద్దున 150, భోజనం తర్వాత 150, అసలు పరీక్ష మాదిరిగానే. ఫోన్లు గుమ్మం దగ్గరే పెట్టించాలి. సాయంత్రం తప్పిన బిట్లు కూర్చుని చర్చించేందుకు వైద్య కళాశాలల పీజీలను అడిగితే ఒకరిద్దరు కాదనరు. దీనికి కావాల్సింది గోడగడియారం, కుర్చీలు, మాట్లాడితే బయటికి పంపే ఒక మనిషి.

– ఒక వైద్య అధ్యాపకుడు, హనుమకొండ