గంగిరెద్దు మెడ

చిన్నికి అమ్మ దీవెనలు.

నువ్వు పంపిన గంగిరెద్దు బొమ్మ నిన్న సాయంత్రం అందింది. నాన్న బల్ల మీద నిలబెట్టబోతే ముందుకాళ్లు బారజాపి ముక్కు మీద పడింది. మొహం కుదరలేదని ఫోనులో తెగ బాధపడ్డావు గానీ, మొహానికేం వంక లేదు తల్లీ. చూడాల్సింది కాళ్లు, మెడ.

కోప్పడకు, పొట్ట కింద కుట్టు విప్పి చూశాను. రెండు ముక్కలు కత్తిరించి చుట్టూ కుట్టేశావు. అలా కుడితే దిండవుతుంది. నాలుగు కాళ్ల జంతువు నిలబడాలంటే పొట్ట కింద ఇంకో ముక్క పడాలి. కుర్తాకి చంకలో వేస్తామే, అలాంటిదే. కొసలు సన్నగా, నడుమ వెడల్పుగా, నాలుగు కాళ్ల లోపలివైపు కూడా దాంతోనే కలిసి రావాలి. పేపరు కటింగ్ చేసి పెట్టాను.

ఇక దూది. పెద్ద ఉండ చేసి ఒక్కసారే తోసేశావు, నడుం దగ్గర గడ్డ కట్టింది, గిట్టలు ఖాళీగా ఉన్నాయి. గిట్టల దగ్గర మొదలుపెట్టి గోరంత గోరంత తీసుకుని పెన్సిలు వెనకవైపుతో కూరుతూ రా. వేలితో నొక్కితే పచ్చి జామకాయలా ఉండాలి. ఒక్కో కాలికీ పావుగంట పడితే పడనీ.

మెడ మాత్రం అలా కూరకు. సంక్రాంతికి మన వాకిట్లోకి వచ్చే ఎద్దుని తలుచుకో. సన్నాయి ఆపి ‘అమ్మగారికి దండం పెట్టు’ అనగానే తల దించుతుంది చూడు, ఆ తలూపడమే లేకపోతే అదీ పొలం ఎద్దే కదా! మెడలో సగమే దూది పెట్టు. పిల్లలు మూపురం మీద తట్టగానే తల ఊగాలి. నీ బొమ్మకి మెడ వాలిపోవడం తప్పని నువ్వనుకున్నావు, నేనైతే అదొక్కటీ ఉంచేస్తాను.

నువ్వు చెప్పిన ఆ జర్మనీ ఆవిడ, మార్గరెట్ స్టైఫ్, నా మనసులోంచి పోవడం లేదు. పోలియోతో కాళ్లు పడిపోయినా కుట్టుపనితో బతికి, 1880లో సూదులు గుచ్చుకునేందుకని చిన్న ఏనుగు కుడితే పిల్లలు దాన్ని ఆటబొమ్మ చేసుకున్నారన్నావు. ఆవిడది ఫెల్టు. దానికి నేత ఉండదు, పోగులూడవు. నీవి మంగళగిరి నూలు ముక్కలు. అరంగుళం అంచు వదలకపోతే తిరగేసేటప్పుడే కుట్టు విడిపోతుంది. వంపుల్లో గాట్లు పెట్టు, కానీ కత్తెర కుట్టుని తాకనివ్వకు.

కళ్లకి గుండీలు తీసేశాను. నీకు పది నెలలప్పుడు నేను కుట్టిన ఏనుగు కన్ను ఊడి నీ నోట్లో కనిపించింది. అది బయటికి వచ్చేదాకా నా ప్రాణాలు నాలో లేవు. ఆ తర్వాత ఏ బొమ్మకీ గుండీ పెట్టలేదు, నల్లదారంతోనే కుట్టాను. మెడలో మువ్వలూ వద్దు. పసుపు దారం ముడులు వేస్తే మువ్వల్లాగే ఉంటాయి.

అమ్మే ఆలోచన ఉంటే ఒక మాట. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకి మినహాయింపు ఉంది. ముందు ఆ నమోదు సంగతి చూసుకో.

వీపు మీద బొంత ఎంత బాగా కుట్టావే! ఆ ఆకుపచ్చ ముక్క మీ పిన్ని పెళ్లి జాకెట్టుది, చూడగానే గుర్తుపట్టాను. ఎరుపు పక్కన అది పెట్టాలని నాకు తోచేది కాదు.

కాళ్లు మళ్లీ కూరి, పొట్ట ముక్క వేసి రేపు బస్సు పార్సిల్లో పంపుతున్నాను. కొమ్ములు ముట్టుకోలేదు. అంత సన్నని గొట్టం తిరగేయడానికి లోపల దారం పెట్టి కుట్టి, ఆ దారం పట్టుకుని లాగాలి. అది నీ చేత్తోనే చెయ్యి. రెండూ ఒకేలా వంగకపోయినా పర్వాలేదు, మన వీధికి వచ్చే ఎద్దుకి కుడికొమ్ము కాస్త లోపలికే ఉంటుంది.

మీ అమ్మ