కలెక్టర్ గారూ, మా పెద్దోళ్లకి ఫోన్ వాడటం నేర్పించండి

కలెక్టర్ గారికి నమస్కారం అండి. ఊళ్లో ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్ వచ్చేసింది నిజమే, కానీ మా వీధిలో ఒక మామ్మగారు ఉపాధి హామీ డబ్బులు పడ్డాయో లేదో చూడమని షాపు కుర్రాడి చేతికి ఫోన్ ఇచ్చి, పిన్ నంబరు కూడా నలుగురికీ వినపడేలా చెప్పేస్తారు, ఆవిడ తప్పేం లేదు, ఎవరూ నేర్పలేదు అంతే.

2017లో కేంద్రం పీఎంజీదిశ అని స్కీమ్ పెట్టింది, పల్లెల్లో ఇంటికి ఒకరికి ఫోన్, కంప్యూటర్ వాడకం మీద 20 గంటల ట్రైనింగ్, 6 కోట్ల ఇళ్లు టార్గెట్. బానే ఉంది, కానీ వయసు 14 నుంచి 60 దాకానే అన్నారు! 60 దాటినోళ్లకే కదండీ అసలు అవసరం? 2024 మార్చితో అదీ అయిపోయింది.

మాకు కంప్యూటర్ ల్యాబులేం వద్దు. డ్వాక్రా మీటింగ్‌లో ఒక అరగంట, వాళ్ల సొంత ఫోన్‌లోనే చూపిస్తే చాలు. యూపీఐలో డబ్బు పంపడానికో, బ్యాలెన్స్ చూడటానికో పిన్ కొట్టాలి గానీ, డబ్బు రావడానికి అక్కర్లేదని, ఓటీపీ బ్యాంకోళ్లు కూడా అడగరని, మోసపోయి డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని. బ్యానర్ కట్టి, ఫొటో దిగి వెళ్లిపోయే అవగాహన సదస్సు మాత్రం వద్దండి బాబూ.

వచ్చే నెల మీటింగ్‌కి ఓపిగ్గా చెప్పే మనిషిని ఒక్కరిని పంపండి, టీలు, కుర్చీలు మేం చూసుకుంటాం.