ఏప్రిల్‌లో లెక్కపెట్టిన మొక్కలు: మంత్రి గారికి ఒక రైతు కూతురి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మా చేనులో నాటిన మొక్కల్ని తప్పుగా లెక్కపెట్టారు, మళ్ళీ లెక్కపెట్టించండి అని ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాం. రెండు మా నాయిన వేలిముద్ర వేసి మండలంలో ఇచ్చినవి. ఒకటి నేను హైదరాబాద్‌లో పొద్దున్నుంచి లైన్‌లో నిలబడి ఇచ్చింది. మూడింటికీ రసీదులు ఉన్నాయి, ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

పథకం గురించి మీకు చెప్పనక్కర్లేదు. అడవి అంచున పాడైన భూమిలో చిన్న రైతులే మొక్కలు నాటాలి, వాళ్ళే కాపాడాలి, మూడేళ్ళు కాపలా కూలి ఇస్తాం అన్నారు. నల్లమల అంచున మా ఊళ్ళో పద్నాలుగు కుటుంబాలు ఒప్పుకున్నాయి. మా నాయినకి ఉన్నదే రెండున్నర ఎకరాలు. అందులో ఒర్రె పక్కనున్న అర ఎకరం ఇచ్చాడు. అక్కడ ఏటా ఆముదం వేసేవాళ్ళం.

ఇప్ప, ఉసిరి, నల్లమద్ది, సారపప్పు మొక్కలు కావాలని మావాళ్ళు రాసిచ్చారు. వానలు వెనకబట్టాక వచ్చిన బండిలో చాలావరకు తురాయి మొక్కలున్నాయి. అది రోడ్ల పక్కన పెంచే చెట్టు, మా అడవిది కాదు. అయినా వచ్చినవి పారేయలేక అవి కూడా నాటారు. దాని మీద ఇప్పుడు పేచీ పెట్టను.

నా బాధంతా లెక్క గురించి. నాటిన మరుసటి ఏప్రిల్‌లో, బతికిన మొక్కలు లెక్కపెట్టడానికి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. ఏప్రిల్‌లో అయ్యా! ఆ నెలలో నల్లమల ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. అది ఆకురాల్చే అడవి. నిలువెత్తు మద్దులే మోడులై నిలబడతాయి. లేత మొక్కకైతే పైన పుల్ల మొత్తం ఎండిపోయినా కింద వేరు బతికే ఉండొచ్చు. తొలకరి పడ్డాక అక్కడి నుంచే కొత్త చిగురు వస్తుంది. నాయిన ఒక్కో మొక్క దగ్గర కూర్చుని, గోరుతో బెరడు గీకి లోపలి పచ్చదనం చూపించాడు. "సార్, ఇది పాణంతో ఉన్నది" అని చెప్పాడు. ఆకు లేకపోతే రాసుకోవడానికి లేదన్నారు. నాలుగు వందల మొక్కల్లో అరవై ఒక్కటి బతికాయని రాసుకుని వెళ్ళారు. శాతం తగ్గిందని ఆ నెల నుంచే కాపలా కూలి ఆగిపోయింది.

జూన్‌లో వానలు పడ్డాయి. రెండు వారాల తర్వాత నేను ఊరికి వెళ్ళి, నాయినతో కలిసి వరసల వెంట నడిచి లెక్కపెట్టాను. ఆకుతో ఉన్నవి రెండు వందల ఎనభై ఏడు. ప్రతి వరసకీ ఫొటో తీశాను. కలర్ ప్రింట్లు తీయించి రెండో అర్జీకి, మూడో అర్జీకి జతచేశాను. ఆ ఫొటోలు ఎవరైనా తెరిచి చూశారో లేదో ఇప్పటికీ తెలియదు.

కూలి ఆగినా నాయిన కాపలా ఆపలేదు. ఈ ఎండాకాలం కూడా సైకిల్‌కి రెండు బిందెలు కట్టి బోరు దగ్గర నుంచి నీళ్ళు మోశాడు. మార్చిలో అడవికి నిప్పు అంటుకునే రోజులు కదా, చేను చుట్టూ రాలిన ఆకు ఊడ్చి బాట చేసి, రాత్రిళ్ళు అక్కడే పడుకున్నాడు. మేకలు తోలుకొచ్చే వాళ్ళతో అమ్మ పోట్లాడి మాటలు పడింది. రెండేళ్ళ ఆముదం పంట పోయింది, ఇల్లు గడవడానికి చేసిన అప్పు మిగిలింది. పద్నాలుగు కుటుంబాల్లో తొమ్మిది కుటుంబాలు వదిలేసి మళ్ళీ దున్నుకున్నాయి. వాళ్ళని నేను తప్పుపట్టలేను.

నేను గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తాను. రోజూ నా బస్సు బయోడైవర్సిటీ జంక్షన్ దాటి వెళ్తుంది. 2012 అక్టోబరులో ప్రపంచ దేశాలన్నీ జీవవైవిధ్య సదస్సుకి ఈ నగరానికే వచ్చాయి. 2030 నాటికి 2.6 కోట్ల హెక్టార్ల పాడైన భూమిని బాగుచేస్తామని మన దేశం ప్రపంచానికి మాటిచ్చింది. అంత భూమిని బాగుచేసేది మా నాయిన లాంటి వాళ్ళ చేతులే కదా అయ్యా? కోస్టారికా అనే చిన్న దేశంలో, అడవిని నిలబెట్టిన భూమి యజమానులకి 1990ల నుంచి డబ్బు ఇస్తున్నారు. అందులో ఎక్కువ భాగం పెట్రోలు, డీజిలు మీద వేసిన పన్ను నుంచి వస్తుంది. 1980లలో నాలుగో వంతుకి పడిపోయిన అడవి ఇప్పుడు ఆ దేశంలో సగానికి పైగా ఉంది. అక్కడి వర్షారణ్యం ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఏ నెలలో లెక్కపెట్టినా చెట్టు కనిపిస్తుంది. మన అడవికి ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ లెక్క వానల తర్వాతే పెట్టాలి. ఇది తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, మా ఊళ్ళో పశువులు కాసే పిల్లలకి కూడా తెలుసు.

అయ్యా, నేను అడిగేది మళ్ళీ లెక్కపెట్టమని. సెప్టెంబరులోనో అక్టోబరులోనో, రైతును పక్కన పెట్టుకుని లెక్కపెట్టించండి. వచ్చిన లెక్క ప్రకారం ఆగిన కూలి ఇప్పించండి. ఇక ముందు ఎండాకాలంలో ఎవరి చేనులోనూ ఈ లెక్క పెట్టకుండా రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. వదిలేసిన తొమ్మిది కుటుంబాలని కూడా మళ్ళీ పిలవండి, అడిగితే వస్తారు. దయచేసి మళ్ళీ లెక్కపెట్టించండి.

ఫోన్ చేసిన ప్రతిసారీ నాయిన ఒకటే అడుగుతాడు, "లెక్క మార్చిన్రా బిడ్డా?" అని. ఇంకా లేదు నాయినా అని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

ఇప్పుడు మొక్కలన్నీ ఆకుతో ఉన్నాయి. ఈ నెలలోనే ఒక మనిషిని పంపండి. తారు రోడ్డు దిగాక బండి పోదు, ఒర్రె దాటి నడవాలి. ముందు రోజు కబురు చేస్తే చాలు, నాయిన రోడ్డు దాకా ఎదురొచ్చి తీసుకెళ్తాడు.

ఇట్లు,
నల్లమల అంచున ఉన్న ఒక చిన్న రైతు కూతురు,
హైదరాబాద్