కారు అడిగావుగా, అందుకే ఈ ఉత్తరం

ఒరేయ్ శీనుగా,

దసరాకి కారివ్వరా, అమ్మానాన్నల్ని అన్నవరం తీసుకెళ్తా అని నిన్న ఫోన్లో అడిగితే చూద్దాంలే అని పెట్టేశా, మొహం మీద చెప్పలేకపోయా. ఇప్పుడు చెప్తున్నా, ఇవ్వను. అలగకుండా మొత్తం చదువు.

తాగి దొరికి లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ చేయించుకున్నోడివి, పైగా "ఫోన్లో పాత లైసెన్స్ స్క్రీన్‌షాట్ ఉందిలే, ఎవడు చూస్తాడు" అంటావ్. నీ మొహం, లైసెన్స్ నంబర్ కొడితే సారథిలో, అదే లైసెన్సుల సర్కారు ఆన్‌లైన్ రికార్డులో, సస్పెండెడ్ అని కనపడిపోద్దిరా. అసలు లైసెన్సే లేనోడు దొరికితే 5,000 ఫైను, వద్దన్నాక కూడా నడిపిన నీలాంటోడికి 10,000, జైలంటావా ఇద్దరికీ మూడు నెలల దాకా వెయ్యొచ్చు, జైలూ ఫైనూ రెండూ కూడా వెయ్యొచ్చు. నీకు పడేది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182. 2019లో చట్టం మార్చకముందు ఇదే తప్పుకి 500 రూపాయలు, నువ్వింకా ఆ లెక్కలోనే ఉన్నట్టున్నావ్.

హైదరాబాద్‌లో మీ బావ అడ్రస్ మీద కొత్తది తీసుకుంటానన్నావే, ఆ పని అస్సలు చెయ్యకు, సస్పెన్షన్లో ఉండగా అప్లై చెయ్యడం కూడా అదే సెక్షన్ కిందకొస్తది.

ఇంక నా సంగతి. తెలిసీ బండి ఇచ్చినందుకు నాకూ సెక్షన్ 180 ఉంది, 5,000 లేదా మూడు నెలల దాకా జైలు, లేకపోతే రెండూ. అది పోతే పోయిందనుకో, నాకు అసలు భయం ఇన్సూరెన్స్ గురించిరా. జగ్గంపేట దగ్గర ఎవడో ముసలాయన సైకిల్‌తో అడ్డమొచ్చాడనుకో, కంపెనీవాళ్ళు ముందు ఆయనకి డబ్బులిచ్చినా తర్వాత ఆ మొత్తం నా దగ్గర వసూలు చేసుకోవచ్చు, పాలసీ నా పేరు మీదుందిగా, కారు రిపేరుకైతే పైసా రాదు. ఇంకా 31 ఈఎంఐలున్నాయి దానికి.

నేనేదో నీతులు చెప్తున్నా అనుకోకు, పోయినేడు హెల్మెట్ లేదని నాదీ మూడు నెలలు పోయింది, గుర్తుందా? రోజూ మా ఆవిడ స్కూటీ వెనక టిఫిన్ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని ఆఫీసుకెళ్ళేవాణ్ణి, సందు చివర టీ కొట్టోడు "సార్ ఈ రోజు కూడా వెనకేనా" అనేవాడు ఎదవ. సిగ్గనిపించింది గానీ హ్యాండిల్ మాత్రం ముట్టుకోలేదురా.

అన్నట్టు నీ ఆర్డర్ చేతికొచ్చి ఎన్ని రోజులైంది? అన్యాయంగా చేశారనిపిస్తే 30 రోజుల్లోపు అప్పీలుకెళ్ళొచ్చు, వెళ్ళే ఉద్దేశముంటే ఇప్పుడే కదులు.

అన్నవరం మాత్రం మానొద్దు. శనివారం పొద్దున్నే ఐదింటికి నేనే కారేసుకొస్తా, నాన్నగారు ముందు సీట్లో, అమ్మా నువ్వూ వెనకాల, వచ్చేటప్పుడు ప్రసాదం పొట్లాలు పట్టుకునే డ్యూటీ నీది.

ఇట్లు,
నీ గోపి