వలస లేదని రాయించేదీ మీరే, ఉందని అరిచేదీ మీరే

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వలసల మీద ఇద్దరు నాయకుల మాటలు పక్కపక్కనే వేశారు. వలసలు బాగా తగ్గాయి, పాత ఫొటోలు పెట్టి బురద చల్లుతున్నారని ఒకాయన. పల్లెలకు పల్లెలే ఖాళీ అయిపోతున్నాయని ఇంకొకాయన. ఐదారేళ్ల కిందట కూడా ఈ రెండు మాటలే విన్నాం. కుర్చీలు మారాక డైలాగులు కూడా మార్చుకున్నారు, అంతే. అప్పుడే రాద్దామనుకుని కోపం తగ్గాక రాస్తే మంచిదని ఆగాను. తగ్గలేదు.

మా కర్నూలు జిల్లాలో ఆదోని, కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పత్తి తీతకు మొదలై మిరప కోతల దాకా గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు, కొందరు తెలంగాణకు సుగ్గికి, అంటే సీజను కూలి పనులకు, పోతారు. గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టి, బియ్యం మూట, గిన్నెలు, పరుపుచుట్టలు, కోళ్లతో సహా వ్యాను ఎక్కుతారు. ముసలివాళ్లు ఇంటికాడ మిగులుతారు. ఇది జరుగుతోందా లేదా అని చర్చ పెట్టడమే సిగ్గుచేటు.

నన్ను ఎక్కువ మండించింది వేరే ఉంది. ఆ ఇద్దరిలో ఒక్కరైనా ఆ జనాన్ని చూసుకునేవాళ్ల సంగతి ఎత్తారా? అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, వలస పోయినవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో వంట చేసే ఆమె, చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ వస్తే అర్ధరాత్రి ఊరికి పరిగెత్తే మనిషి. వలస మీద రాజకీయం ముదిరే కొద్దీ నలిగేది వీళ్ల పనే. నేను అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన దాన్ని కాబట్టి చెబుతున్నాను. ఒక ఏడాది సర్వే రిజిస్టర్లలో ఇళ్ల ఎదురుగా 'వలస' అని రాయించాను. పై అధికారి పిలిచి, "అలా రాస్తే మనకు ఫోన్లొస్తాయి మేడం, బంధువుల ఊరికి వెళ్లారని రాయించండి" అన్నారు. రాయించాం. ఆ ఏడాది మా సెక్టార్‌లో సగం ఊరికి ఉన్నట్టుండి గుంటూరు జిల్లాలో బంధువులు పుట్టుకొచ్చారు! కాగితం మీద వలస లేకపోతే వలస పోయిన బిడ్డకు బడ్జెట్ ఎక్కడి నుంచి వస్తుంది? తర్వాత ఆ కాగితాన్నే ఊపి, చూడండి వలసలు తగ్గాయని మైకులో చెబుతారు.

ఆ బంధువుల ఇళ్లు ఎలా ఉంటాయో చూద్దామని ఒకసారి మా ఊరివాళ్లతోనే వెళ్లాను. మిరప చేను గట్టున టార్పాలిన్ పట్టాలతో గుడారాలు. ట్రాక్టర్ ట్రాలీ కింద పాతచీరతో కట్టిన ఉయ్యాల, దాన్ని ఊపుతూ పదకొండేళ్ల పిల్ల. వాళ్లమ్మ పాలివ్వడానికి చేలోంచి వచ్చి, బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు మట్టితో రుద్ది, నీళ్లతో కడిగి, మళ్లీ మట్టితో రుద్దుకుంటోంది. అంత చేసినా బిడ్డ కళ్లు నలుపుకుంటూ ఒకటే ఏడుపు. ఉయ్యాల ఊపే పిల్ల మా దగ్గర ఆరో తరగతి. హాజరు పట్టీలో ఆ రోజు ఏం పడి ఉంటుందో మీరే ఊహించుకోండి. దగ్గరి ఊళ్లోని అంగన్‌వాడీ టీచరును అడిగితే, "మా లిస్టులో లేరు మేడం, సరుకు లెక్క ప్రకారమే వస్తుంది, ఎవరి గుడ్డు తీసి పెట్టమంటారు?" అంది. ఆమెది తప్పంటానా? అననే అనను.

చేయాలనుకుంటే ప్రభుత్వానికి చేతకాదని కాదు. రేషన్ కార్డు ఒకచోట ఉన్నా బియ్యం ఇంకోచోట తీసుకునే వీలు దేశమంతా వచ్చింది. పింఛను రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇస్తామన్నారు. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. బియ్యం, పింఛను మనిషి వెంట నడవడం నేర్చాయి కదా, మరి గర్భిణికి ఇచ్చే పాలు, గుడ్లు, బిడ్డ బరువు చూసే పని ఎందుకు నేర్వలేదు? అంగన్‌వాడీ తల్లులు, పిల్లల పేర్లు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరు వేరే కేంద్రానికి మార్చే వీలుంది. కానీ చేను గట్టు నుంచి ఆ కేంద్రం దాకా నెలలు నిండిన మనిషి ఎలా వెళ్తుందో యాప్ చెప్పదు. పైగా ఇప్పుడు ముఖం ఫోన్‌లో సరిపోలితేనే ఇంటికి సరుకు. తల్లి పల్నాడులో, ఫోన్ పట్టుకున్న టీచరు కోసిగిలో. ఏ ముఖం పెట్టి ఫొటో తీయాలి?

సీజనల్ హాస్టళ్లు అంటారు. ఆలోచన బంగారం లాంటిది. తల్లిదండ్రులు పోయినా బిడ్డ బడిలోనే ఉండి చదువుకుంటుంది. కానీ నాకు తెలిసి అవి జనం పోయాక తెరుస్తారు. దసరా వెళ్లి, దీపావళి వెళ్లి, ఊళ్లో తలుపులన్నీ పడ్డాక ఫైలు కదులుతుంది. అప్పటికి పిల్లలు చేలో ఉంటారు. 'స్పందన అంతంత మాత్రం' అని రిపోర్టు వెళుతుంది, మరుసటి ఏడు సంఖ్య కోసేస్తారు. ఆరేళ్లలోపు పిల్లలకు ఆ మాత్రం కూడా లేదు. ఎదిగిన ఆడపిల్లను ఎవరి దగ్గర వదలాలని భయపడి సుగ్గికి ముందే పెళ్లి చేసేసే ఇళ్లు నాకు తెలుసు. ఆ పెళ్లి ఆపడానికి వెళ్లిన మాకు పడ్డ తిట్లు ఇక్కడ రాయలేను. "ఆపుతావు సరే, నాలుగు నెలలు నువ్వు పెట్టుకుంటావా?" అని అడిగిన తల్లికి నా దగ్గర జవాబు లేదు.

చట్టం సంగతి ఇంకా వింత. 1979లో వలస కార్మికుల చట్టం చేశారు, 2020లో తెచ్చిన కార్మిక కోడ్‌లో కలిపారు. రెండింటిలోనూ వలస అంటే అంతర్రాష్ట్ర వలసే. మా వాళ్లు తుంగభద్ర దాటి పక్కనున్న రాయచూరుకు వెళ్తే కనీసం లెక్కలోకి వచ్చే అవకాశమైనా ఉంది. 300 కిలోమీటర్లు దాటి గుంటూరు చేలల్లో పడి ఉంటే, సొంత రాష్ట్రంలోనే ఉన్నారు కాబట్టి వలస కార్మికులు కారు.

ఇన్ని పథకాలిస్తున్నా ఎందుకు పోతారు, అలవాటైపోయింది అని వలసలు తగ్గాయన్న ఆ పెద్దమనిషి అన్నారు చూడండి, అది చదివి రక్తం మరిగింది. పత్తికి, ఉల్లికి పెట్టిన పెట్టుబడి అప్పు అలవాటుతో తీరదు. ఉపాధి హామీ మొదలైంది మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే, 2006లో. కాదనను. కానీ దాని డబ్బు ఖాతాలో ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. మిరప చేలో వారం తిరిగేసరికి చేతికొస్తుంది. నీళ్ల మాటెత్తితే వేదవతి, గుండ్రేవుల, ఆర్డీఎస్ కుడి కాలువ అని సాగునీటి ప్రాజెక్టుల పేర్లు ఎన్నికలకోసారి అప్పజెబుతారు. మా పిల్లలకు ఎక్కాలకన్నా ఇవే బాగా వచ్చు.

సేవ చేసేవాళ్లను ఎలా చూశారో కూడా గుర్తు చేస్తాను. 2023 డిసెంబరు నుంచి అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. నెలకు 11,500 రూపాయలతో బతకలేమన్నందుకు వాళ్లపై సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. అదే సుగ్గి సీజన్. వాళ్లు లేకపోతే ఊరు నడవదని ఎస్మా పెట్టేటప్పుడు తెలుస్తుంది, జీతం దగ్గర తెలియదు. ఇప్పటి వాళ్లు పెంచి మురిపిస్తున్నారా అంటే ఆ ముచ్చటా లేదు.

లెక్కలు దొరకవని మాత్రం నాతో అనకండి. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు సరిగ్గా మిరప కోతల్లోనే వచ్చాయి. ఏ ఇంటివాళ్లు ఏ చేలో ఉన్నారో పోటీలో ఉన్నవాళ్లకు ఫోన్ నంబర్లతో సహా తెలుసు. బండ్లు పెట్టి పిలిపించుకున్నారు, వేలికి సిరా పడగానే దింపి వచ్చారు. ఆ లిస్టేదో అంగన్‌వాడీ టీచరుకు ఇవ్వండి చాలు, మళ్లీ సర్వే అక్కర్లేదు.

మీ పత్రిక కూడా ఏటా తాళం వేసిన ఇంటి ఫొటో వేసి చేతులు దులుపుకుంటోంది. ఈసారి విలేకరిని దసరాకు ముందే పంపి, మండలంలో ఏ హాస్టల్‌కు ఆర్డరు వచ్చింది, వంటమనిషిని పెట్టారా, బియ్యం దిగాయా అని ఊరి పేర్లతో వేయండి. వ్యాన్లు కదిలేలోపు వేయండి.

ఇట్లు,
రిటైర్డ్ ఐసీడీఎస్ సూపర్‌వైజర్,
ఆదోని