తొమ్మిది మిల్లీమీటర్ల పాయింట్లలో గేజ్ తేడా గురించి ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.
మార్చి 9

ఫిర్యాదుల అధికారి గారికి,
మోడల్ రైళ్ల అమ్మకాల విభాగం,
హైదరాబాద్.

విషయం: లోపమున్న నాలుగు పాయింట్లు, బోగీ చక్రాలు, మన కరెంటుకు పనికిరాని అడాప్టర్ మార్చి ఇవ్వడం గురించి.

అయ్యా,

జనవరి 12న మీ వెబ్‌సైట్‌లో ఒక న్యారో గేజ్ (పట్టాల మధ్య ఎడం తక్కువగా ఉండే) మోడల్ రైలు సెట్టు, విడిగా నాలుగు పాయింట్లు, అంటే బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే ముక్కలు, ఆర్డర్ పెట్టాను. సెట్టు 38,500 రూపాయలు. పాయింట్లు ఒక్కొక్కటి 2,900 చొప్పున 11,600. మొత్తం 50,100 రూపాయలు ముందే కట్టేశాను. సరుకు జనవరి 29న ఇంటికి చేరింది. ఇంజిన్ బాగుంది, మామూలు పట్టాలు బాగున్నాయి. పాయింట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బండి పట్టాలు తప్పుతోంది.

ఇప్పటికి మీ కస్టమర్ కేర్‌కి ఐదుసార్లు ఫోన్ చేశాను. అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. కానీ ప్రతిసారీ అదే జవాబు. బల్ల సమంగా ఉండి ఉండదు, పట్టాల అతుకులు సరిగ్గా కలిపి ఉండరు, వాడకంలో వంగి ఉంటాయి. చివరిసారి ఇంకో మాట కూడా అన్నాడు: "అయినా బొమ్మే కదా సార్, కొంచెం తేడా ఉంటుంది." ఆ మాటకి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. మీవాళ్లు ఫోన్లో తెలుగులోనే మాట్లాడారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. ఒడిశాలో ఉన్నా మాది తెలుగు ఇల్లు. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు ఇది.

నేను రైల్వేలో కీమాన్‌గా (పట్టాలను బిగించే కీలు చూసుకునేవాడిగా) చేరి, మేట్‌గా (గ్యాంగ్ పెద్దగా) చేసి, ట్రాక్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. నౌపడ - గుణుపురం లైను మీద చాలా ఏళ్లు పనిచేశాను. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతి తన సొంత డబ్బుతో వేయించిన లైను అది. 1900లో నౌపడ నుంచి మా ఊరికి బండి వచ్చింది, 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది. రెండున్నర అడుగుల గేజ్, అంటే 762 మిల్లీమీటర్లు. తెల్లారేసరికి సుత్తి, స్పానర్ భుజాన వేసుకుని నా బీటు చివరిదాకా నడిచి, వదులైన ప్రతి కీ కొట్టి, పట్టాలను అతికే ప్రతి ఫిష్ ప్లేట్ చూసుకుంటూ వెనక్కి వచ్చేవాడిని. 2004 జూన్‌లో చిన్న బండి ఆగిపోయింది. 2011లో గుణుపురం దాకా బ్రాడ్ గేజ్ బండి వచ్చింది. దాని వల్ల జనానికి మేలే జరిగింది, కాదనను. కానీ నేను చేత్తో సరిచేసిన ఆ చిన్న పట్టాలు మాత్రం ఇప్పుడు ఎక్కడా లేవు.

రిటైరయ్యాక మా వసారాలో ఎనిమిదడుగులు, నాలుగడుగుల ప్లైవుడ్ బల్ల మీద పాత పర్లాకిమిడి స్టేషన్ కట్టడం మొదలుపెట్టాను. 1:87 స్కేల్‌లో, అంటే అసలు కొలతలో 87వ వంతుగా, 762ని భాగిస్తే సుమారు 8.76 వస్తుంది. అందుకే ఈ స్కేల్‌లో న్యారో గేజ్‌కి 9 మిల్లీమీటర్ల పట్టా వాడతారు. మీ సెట్టు సరిగ్గా అదే కాబట్టి కొన్నాను. తొంభై కిలోమీటర్ల లైను మొత్తం ఈ కొలతలో వేయాలంటే కిలోమీటరు పైనే పట్టా కావాలి, కాబట్టి ఒక్క స్టేషన్, దాని యార్డు చాలనుకున్నాను. ప్లాట్‌ఫారం, గూడ్స్ షెడ్డు, నీళ్ల ట్యాంకు అట్టముక్కలతో తయారయ్యాయి. స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మా ఒడియా మిత్రుడు ఒకాయన రోజూ సాయంత్రం వచ్చి రంగులు వేస్తాడు. ఏ గోడకి ఏ రంగు ఉండేదో నాకంటే ఆయనకే బాగా గుర్తు.

ఇక అసలు విషయం. మీ అబ్బాయి మాట నిజమేమోనని ముందు నా పనినే పరీక్షించుకున్నాను. స్పిరిట్ లెవెల్ పెట్టి చూశాను, బల్ల సమంగానే ఉంది. అయినా అనుమానం ఉండకూడదని ఆ పాయింట్లు తీసి, మందపాటి అద్దం పలక మీద, ఏ మేకూ కొట్టకుండా, వట్టిగా పరిచి నడిపాను. ఒక్కో పాయింటు మీద 50 సార్లు, మొత్తం 200 సార్లు. 71 సార్లు బండి పట్టాలు తప్పింది. అందులో 64 సార్లు ఫేసింగ్ దిశలో, అంటే దారి మార్చడానికి కదిలే టంగ్ రైలు మొన వైపు నుంచి వస్తున్నప్పుడు. ట్రైలింగ్ దిశలో, అంటే దానికి ఎదురు వైపు నుంచి, ఏడుసార్లే. ప్రతిసారీ చక్రం పడింది ఒకే చోట, క్రాసింగ్ ముక్కు దగ్గర, అంటే రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట ఉండే మొన దగ్గర. మామూలు పట్టాల మీద అవే బోగీలు ఒక్కసారి కూడా తప్పలేదు.

ట్రాక్ పని చేసినవాడికి ఈ లెక్క చూడగానే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలిచాను. పాయింటు మొదట్లో గేజ్ సరిగ్గా 9.0 మిల్లీమీటర్లే ఉంది. క్రాసింగ్ దగ్గరికి వచ్చేసరికి మూడు పాయింట్లలో 9.5, నాలుగోదానిలో 9.4. చెక్ రైలుకీ పక్క రైలుకీ మధ్య సందు మీ డబ్బాలోని కాగితం ప్రకారం 1.0 ఉండాలి, కానీ నాలుగింటిలోనూ 1.5 దాకా ఉంది. చెక్ రైలు పని ఒక్కటే: ఇవతలి చక్రాన్ని వీపు వైపు నుంచి పట్టి ఉంచి, అవతలి చక్రం క్రాసింగ్ ముక్కుకి తగలకుండా కాపాడటం. సందు పెరిగితే అది పట్టుకోవలసిన సమయానికి పట్టుకోదు. చక్రం పక్కకి జరిగి ముక్కుకి కొట్టుకుంటుంది, లేదా తప్పు సందులోకి దిగుతుంది. మీ పాయింట్లలో జరుగుతున్నది ఇదే.

దీనికి తోడు చక్రాలు. రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం ఒక్క బోగీలోనే నాలుగు ఇరుసులకి నాలుగు రకాలుగా ఉంది. అన్నిటికంటే ఎక్కువదానికీ తక్కువదానికీ తేడా 0.4 మిల్లీమీటర్లు. పాయింటు వదులు, చక్రం బిగుతు, రెండూ కలిస్తే బండి ఎలా దాటుతుంది?

అర మిల్లీమీటరే కదా అనకండి. దాన్ని 87తో గుణించండి. నలభై మూడున్నర మిల్లీమీటర్లు! నా సెక్షన్‌లో క్రాసింగ్ దగ్గర గేజ్ అంత వదులుగా దొరికితే ముందు ఎర్ర జెండా పట్టుకుని బండి ఆపేవాడిని, ఆ తర్వాతే పై అధికారికి చెప్పేవాడిని. నాలుగు పాయింట్లలోనూ ఒకే చోట, దాదాపు ఒకే కొలతలో లోపం ఉందంటే అది నా వాడకం వల్ల వచ్చింది కాదు. మీకు వచ్చిన ఆ బ్యాచ్ మొత్తం ఒకే అచ్చులో పోసి ఉంటారు. మిగిలినవి కూడా తీసి కొలవండి.

అడాప్టర్ సంగతి వేరు, అది ఇంకా పెద్ద తప్పు. దాని మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. గుచ్చే ముందు చదివాను కాబట్టి సరిపోయింది. చదవనివాడు ఒక కన్వర్టర్ ప్లగ్ కొని గుచ్చితే అది కాలిపోతుంది, పక్కన పిల్లలుంటే? దయచేసి నా సంగతి తర్వాత చూసినా, ఇదే సెట్టు కొన్న మిగతావాళ్లకి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.

వాపసు గడువు పది రోజులు అయిపోయిందని ఈమెయిల్ పంపారు. మీరు లెక్కపెట్టింది బిల్లు తేదీ నుంచి. ఆ లెక్కన సరుకు నా చేతికి రాకముందే గడువు దాటిపోయింది. పైగా మా పిన్‌కోడ్‌కి రిటర్న్ పికప్ లేదని, నా ఖర్చుతోనే హైదరాబాద్ పంపమని అన్నారు. తెచ్చి ఇవ్వడానికి పనికొచ్చిన పిన్‌కోడ్ తీసుకెళ్లడానికి ఎందుకు పనికిరాదు?

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని అమ్మినవారు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. నాకు డబ్బు వాపసు అక్కర్లేదు. కొలిచి చూసిన నాలుగు పాయింట్లు, సెట్టులో వచ్చిన మూడు బోగీలకి సరైన చక్రాలు, 230 వోల్టుల అడాప్టర్ పంపండి, పాతవి మీ ఖర్చుతో తీసుకెళ్లండి. నెలలో జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఆ తర్వాత మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కొన్నవాడు ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చని 2019 చట్టంలో ఉంది.

నాకు తొందర ఎందుకంటే, జూన్‌లో మా పాత గ్యాంగ్ వాళ్లని ఇంటికి పిలిచాను. చిన్న బండి ఆగిపోయిన నెల అది. ఆరుగురం మిగిలాం. నాకు పని నేర్పిన మేట్ గారికి ఎనభై దాటాయి, చూపు తగ్గింది. దగ్గరగా కుర్చీ వేసి, బండి పర్లాకిమిడి యార్డులో లూప్ లైను (పక్క పట్టా) ఎక్కడం ఆయనకి చూపిస్తానని మాటిచ్చాను. ఆయన ముందు బండి పట్టాలు తప్పకూడదు.

బిల్లు నకలు, కొలతల కాగితం, అద్దం పలక మీద తీసిన వీడియో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నాలుగు పాయింట్లూ వచ్చిన డబ్బాలోనే, ఏ పాయింటుకి ఏ కొలతో చీటీ కట్టి ఉంచాను. మీ మనిషి ఎప్పుడు వచ్చినా ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
రిటైర్డ్ ట్రాక్ సూపర్‌వైజర్, పర్లాకిమిడి.